నాలుగు సెంటీమీటర్ల అగ్నిపర్వతం

1983 డిసెంబర్. వరంగల్‌లో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. అప్పటికి నా సర్వీసు పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లూ నాకు ఒకటే విసుగు. అగ్నిపర్వతం గీయమంటే పిల్లలందరూ మార్కెట్లో పోసిన మిరపకాయల కుప్పలాగా గీసి, పైన పొగ పెట్టేవారు. వాళ్లను అని లాభం లేదు. పుస్తకంలో ఉన్నదే ఆ ఒక్క బొమ్మ. ‘షీల్డ్ వాల్కనో’ అన్న మాట ఒక వాక్యంలో వచ్చి, బొమ్మ లేకుండానే వెళ్లిపోయేది. షీల్డ్ అంటే డాలు. నేల మీద డాలు బోర్లించినట్టు వెడల్పుగా, ఎక్కుతున్నట్టే తెలియనంత తక్కువ వాలుతో ఉండే అగ్నిపర్వతం అది.

తొమ్మిదో తరగతిలో రజిత లేచి అడిగింది. “మరి ఆ డాలు బొమ్మ ఏది టీచర్?”

పద్నాలుగేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి పిల్ల. జనవరిలో జరిగే జిల్లా సైన్స్ ఫెయిర్‌కు ఆ బొమ్మనే నమూనాగా చేయమన్నాను.

రజిత తండ్రి సాంబయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. బిడ్డను బడి మాన్పించి, నూలు కండెలు చుట్టే పనిలో పెట్టాలని అప్పటికే అనుకుంటున్నాడు. నేను వెళ్లి అడిగితే ఒక షరతు పెట్టాడు.

“జిల్లాల గెలిచి హైదరాబాద్ పోతే పదో తరగతి చదివిస్త టీచరమ్మ. లేకుంటే నన్నింక అడగొద్దు.”

కాబట్టి ఆ నమూనా మీద ఆ పిల్ల చదువే ఆధారపడింది. ఆ సంగతి మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. తెలిసే నన్ను సతాయించారు.

మేము ఎంచుకున్నది హవాయి దీవుల్లోని మౌనా లోవా. కాలేజీ లైబ్రరీ పుస్తకాల్లో దాని కొలతలు దొరికాయి. సముద్రం పైన కనిపించే భాగం సుమారు వంద కిలోమీటర్ల పొడవు, యాభై వెడల్పు, నాలుగు ఎత్తు. కిలోమీటరుకు ఒక సెంటీమీటరు స్కేలు పెట్టుకుంటే చెక్క మీద వంద పొడవు, యాభై వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది.

“నాలుగు సెంటీమీటర్ల పర్వతమా!” అన్నారు మా హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడం. “పెనం బోర్లేసినట్టుంటదమ్మా. సముద్రం అడుగు నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఉందన్నావు కదా, అది చేయించు.”

“అడుగు నుంచి చేస్తే వెడల్పు కూడా పెరుగుతుంది మేడం. అప్పుడూ పెనమే, కొంచెం పెద్ద పెనం.”

వర్టికల్ ఎగ్జాగరేషన్ అని మా భూగోళశాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. చూసేవాళ్లకు తెలియడానికి ఎత్తును మాత్రం రెండింతలో మూడింతలో పెంచి చూపిస్తాం. కానీ ఈ కొండ విశేషమే దాని చదును. దాన్ని పెంచి చూపిస్తే ఇక చెప్పడానికి మిగిలేదేమిటి? నేను ఒప్పుకోలేదు.

మట్టితో చేస్తే వాలు నిలవలేదు. దారి చూపింది రజిత ఇంట్లో నూలుకు పట్టించే గంజి. పలుచటి గంజి పోస్తే దూరం పారి పొరలా ఆరుతుంది. చిక్కటిది పోసినచోటే కుప్ప పడుతుంది. లావాలోనూ తేడా అదే. బసాల్ట్ లావాలో సిలికా తక్కువ, అందుకే పలుచగా మైళ్ల దూరం పారుతుంది. అలా లక్షల ఏళ్లు పొర మీద పొర పడి డాలు తయారవుతుంది. మా పడమటి జిల్లాల కింద ఉన్న నల్లరాయి కూడా అలా పారిన లావాయే, కాకపోతే అక్కడ నేల పగుళ్లలోంచి పొంగింది. ఆ మాట అన్నానో లేదో, మా సైన్స్ సార్ హన్మకొండ గుట్టలూ అగ్నిపర్వతాలేనని పిల్లలకు చెప్పేశారు. అవి గ్రానైట్ అని మళ్లీ చెప్పేసరికి నా పీరియడ్ ఒకటి పోయింది.

గంజిలో సుద్దపొడి, జంపఖానాల రంగులు కలిపి రజిత రోజుకో పొర పోసింది. పై పొరలు రెండింటికీ లెక్క ఉంది. 1950లో కొండ పక్క పగిలి కొన్ని గంటల్లోనే సముద్రం చేరిన లావాకు ఎరుపు. 1975లో శిఖరం మీద ఒక్క రోజు పొంగి ఆగినదానికి పసుపు, చిన్న మరక.

ఫెయిర్ రోజు మేము నీళ్లు తాగి వచ్చేలోపు సైన్స్ సార్ మా కొండ నడినెత్తిన జానెడు మట్టి శిఖరం నిలబెట్టి, అందులో నారింజ రంగు పొడి నింపారు. అంటిస్తే నిప్పులు చిమ్ముతుందట.

“ఏంటి సార్ ఇది?”

“మీ మంచికేనమ్మా. నిప్పులు రాకపోతే జడ్జిలు ఆగరు. పిల్ల చదువు సంగతి జర సోచాయించుండ్రి.”

నాకు కోపం వచ్చింది. నేను చెయ్యి చాపేలోపు రజితే రెండు చేతులతో ఆ శిఖరాన్ని జాగ్రత్తగా ఎత్తి ఆయన చేతిలో పెట్టింది.

“ఇది మాది కాదు సార్.”

“అయితే ఓడిపోండ్రి, నాకేంది!” అని శిఖరం పట్టుకుని వెళ్లిపోయారు.

జడ్జిలు ఇద్దరు వచ్చారు.

“ఇదెప్పుడు పేలుతది బిడ్డా?” అన్నాడు పెద్దాయన.

“పేలదు సార్. పారుతది.”

“పేలకపోతే అగ్నిపర్వతం ఎట్లయితది?”

రజిత కత్తి తీసుకుని నమూనాను నడిమికి కోసింది. కోసినచోట రంగురంగుల పొరలు, జంపఖానా అంచులాగా. కింది నుంచి ఒక్కో పొర చూపించి చెప్పింది. రెండో జడ్జి వంగి చూశాడు.

“పసుపు తర్వాత ఏంది?”

“ఇంకా రాలే సార్. వచ్చినంక పోస్త.”

ఇద్దరూ నవ్వి ముందుకు వెళ్లారు. మొదటి బహుమతి నిప్పులు కక్కిన ఒక మగపిల్లల బడికి వచ్చింది. మాకు పాల్గొన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారు, ‘అగ్నిపర్వత పేలుడు నమూనా’ అని టైపు కొట్టి. సరిచేయమని రెండుసార్లు వెనక్కి పంపాను. రెండోసారి సర్టిఫికెట్ కూడా తిరిగి రాలేదు.

ఫిబ్రవరిలో రజిత బడికి రావడం మానేసింది. వాళ్లింటికి వెళ్తే సాంబయ్య మగ్గం దిగలేదు. “మాటంటె మాటే గద టీచరమ్మ,” అన్నాడు. గోడ పక్కన రజిత కండెలు చుడుతోంది. తలెత్తలేదు.

మార్చి ఆఖరులో పేపర్లో నాలుగు లైన్ల వార్త పడింది. మౌనా లోవా పొంగింది. శిఖరం మీద మొదలై, తర్వాత పక్క పగిలి, లావా హీలో అనే ఊరి వైపు పారుతోంది. ఎవరి చేతనైనా కబురు పంపుదామని స్టాఫ్‌రూమ్ నుంచి లేచేసరికి, గేటు దగ్గర సాంబయ్య. ఒక చేతిలో పేపరు, మరో చేతిలో నీలం రంగు గంజి గిన్నె. వెనకాల రజిత.

“చూసిన్రా టీచరమ్మ? మా పిల్ల చెప్పినట్టే పక్కకెల్లి పగిలింది. మొదటి బహుమతి వచ్చిన గుట్ట ఏడ పేలిందట? ఆ జడ్జి సార్ల ఇల్లు జర చూపియ్యిండ్రి, అడిగొస్త.”

“ఇల్లు ఎందుకు? ముందు లోపలికి రండి.”

కోసిన నమూనాలో ఒక సగం స్టాఫ్‌రూమ్ బీరువా మీద ఉంది. ఒక అంచు ఎలుకలు కొరికాయి. హీలో ఉండే చోట నేను చింతగింజ పెట్టాను. రజిత పక్క పగులు దగ్గర నీలం గంజి పోసింది. సైన్స్ సార్ కూడా కుర్చీ జరుపుకుని వచ్చారు. గంజి నెమ్మదిగా పారి, చింతగింజకు కొంచెం ఇవతల ఆగింది.

“గంజి జర చిక్కగయింది,” అన్నాడు సాంబయ్య, తప్పు తనదైనట్టు.

“అక్కడ ఊరుంది కదా, ఆగనీ,” అన్నాను. ఏప్రిల్‌లో నిజం లావా కూడా ఊరికి ఇవతలే ఆగింది.

గిన్నె కడిగి ఇస్తుంటే సాంబయ్య పేపరు మడుస్తూ అడిగాడు. “పరీక్షలు ఎప్పుడు టీచరమ్మ?”

“ఇంకా రెండు వారాలుంది.”

“అయితే రేపటి సంది వస్తది. ఇది మళ్ల పొంగితే ఎవలు పోస్తరు మరి?”

రిటైరయ్యేదాకా నేను మరో తొమ్మిది ఫెయిర్లకు పిల్లలను తీసుకెళ్లాను. ప్రతిసారీ జడ్జిలు వచ్చేముందు వాళ్లకు ఒక్క మాట చెప్పేదాన్ని. ఫెయిర్ సాయంత్రానికి ముగుస్తుంది, కొండ ముగియదు, గంజి కొంచెం మిగుల్చుకోండి అని.