వీరగండ మహారాజు గారి స్టేటస్

ఆ రోజుల్లో, అంటే రియాద్‌కు వచ్చిన కొత్తలో, చేతిలో ఫోనుంటే మనిషి ఎక్కడున్నా ఇంట్లో ఉన్నట్టేనని గట్టిగా నమ్మేవాణ్ని. పాతికేళ్లు నిండని వయసులో ఇలాంటివి నమ్మడానికి పెద్దగా ఆధారాలు అక్కర్లేదు. పగలంతా ఏసీలు బాగుచేసే పని. దానికి కంపెనీ వాళ్లు ఇఖామా కార్డు, అంటే అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి, ఇచ్చారు. దానితోపాటు నేను మరో కొలువు కూడా చేసేవాణ్ని. అది మహారాజు కొలువు. దానికి ఏ కార్డూ లేదు.

మా గదిలో అందరికంటే పెద్దవాడు జగిత్యాల అన్న. ఒక శుక్రవారం మేమిద్దరం బతా బజారులో కూరగాయలు కొని వస్తుంటే ఎవరిదో తెల్లటి పెద్ద కారు కనిపించింది. అన్న దానికి ఆనుకుని ఫొటో దిగి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. గదికొచ్చి ఉల్లిగడ్డలు తరుగుతూ, ఎవరెవరు చూశారా అని మాటిమాటికీ ఫోను తెరుస్తున్నాడు. "అన్నా, పాతకాలం రాజుల చేతుల ఫోనుంటే వాళ్లు గూడ గిట్లనే చూసుకుందురా?" అన్నాను. "రాజులకింకేం పనుంటదిరా, పొద్దంత గదే పని" అన్నాడు అన్న. నాకు అంతమాత్రం సందు చాలు. గొంతు బొంగురు చేసి (బడి నాటకంలో నాది ద్వారపాలకుడి వేషం, ఒక్క మాట కూడా ఇవ్వలేదు, ఆ కసి ఇంకా తీరలేదు) గది గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను. "మేము వీరగండ మహారాజులము. నేడు వేటకు పోతిమి. పులి కనబడలేదు. అయినను పులితో దిగిన ఫొటో పెట్టితిమి. చూసియును లైకు కొట్టని సామంతుల కోటలపై దండయాత్రకు ఆజ్ఞాపించితిమి."

అప్పటినుంచి మహారాజుకు తీరిక లేకుండా పోయింది. పట్టమహిషి మెసేజ్ చూసి జవాబివ్వలేదని అలిగేవాడు. శత్రురాజు తనను బ్లాక్ చేశాడని తెలిసి రాయబారిని పంపేవాడు. మా సూపర్‌వైజరు హైదరాబాదు ఆయన. ఏది అడిగినా "బుక్రా" అనేవాడు. బుక్రా అంటే అరబ్బీలో రేపు. అందుకని మేం ఆయన వెనకాల బుక్రా సార్ అనేవాళ్లం. మహారాజు కొలువులో కూడా ఒక మహామంత్రి వెలిశాడు. "వరద కోటగోడ దాటినదని చెప్పిన, రేపు రమ్మనుము అనెడివాడు మా మంత్రి." ఇది విని గదంతా పడీపడీ నవ్వింది.

అన్న ఈ మెసేజ్‌లన్నీ ఇంటికి పంపేవాడు. ఆయన కూతురు చిన్నది. తండ్రి ఇక్కడికి వచ్చేనాటికి ఇంకా పాకుతోందట. వీడియో కాల్‌లో తల్లి కొంగు చాటుకు పోయేదే తప్ప ముఖం చూపేది కాదు. మహారాజు వచ్చాక మాత్రం ఫోను మోగగానే పరిగెత్తుకొచ్చి "రాజు ఏమన్నడు?" అని అడిగేదట. తన తండ్రి నిజంగానే ఒక రాజు దగ్గర పనిచేస్తున్నాడని ఆ పిల్ల అనుకుంది. మేమూ కాదనలేదు.

ఒకరోజు అన్న పని నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా నా మంచం మీద కూర్చుని ఫోను చూపించాడు. అందులో పిల్ల గొంతు. "రాజుగారూ, మా నాయినకు సెలవియ్యుండ్రి. మా బడి దినానికి అందరి నాయినలు అస్తుండ్రు." అన్న సెలవు అప్పటికే రెండుసార్లు బుక్రా అయింది. "ఏమన్న జెప్పు తమ్మీ, రాజువు గదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నా ముఖం వైపు చూడలేదు. నేను గొంతు సవరించుకుని, "బాలికా, మా రాజ్యమున ఎండలు మెండు. మీ నాయన మా చల్లగాలి శాఖకు అధిపతి. ఆయన లేకున్న మాకు చెమటలు పట్టును" అన్నాను. కాసేపటికే జవాబు వచ్చింది. "చెమట వడితె ఇసునకర్రతోని ఊపుకోరాదు?"

గదిలో అందరం నవ్వాం. అన్న నవ్వలేదు. ఆ మాట మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాడు. మర్నాడు పొద్దున్నే "నా ఎంబడి ఆఫీసుకు రా" అన్నాడు. (తోడుగా పిలుస్తున్నాడు కదా అని పెద్దమనిషిలా చొక్కా టక్ చేసుకుని పోయాను.) బుక్రా సార్ తల ఎత్తకముందే అన్న ఫోను టేబుల్ మీద పెట్టి పిల్ల మెసేజ్ నొక్కాడు. పిల్ల కోసం అన్న రాత్రి మళ్లీ పంపిన పాత మెసేజ్ ఒకటి దాని కింద ఉంది. పిల్ల మాట అయిపోగానే అది దానంతటదే మొదలైంది. "వరద కోటగోడ దాటినదని చెప్పిన..." అన్న కంగారులో ఆపబోయి సౌండు పెంచాడు. మహామంత్రి గురించి నేనన్నదంతా ఆ గదిలో నిండుగా వినిపించింది.

బుక్రా సార్ నన్ను చూశాడు. "ఈ రాజా నువ్వేనా?" అన్నాడు.

"నాటకం సార్" అన్నాను. ఇంటికి పంపించేస్తారని ఖాయం చేసుకుని, పెట్టెలో ఏమేం సర్దుకోవాలో అప్పుడే ఆలోచిస్తున్నాను.

"మంత్రి నేను. హై నా?" ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుని, "ఆ పాపది ఇంకోసారి పెట్టు" అన్నాడు. విన్నాడు. "నేను గూడ మేనేజర్‌ను అడుగుత. ఆయన నాకు బుక్రా అంటడు. నేను మీకంట. నా బిడ్డ చిన్నగున్నప్పుడు ఎట్ల మాట్లాడేదో నాకు యాద్ లేదు భాయ్" అన్నాడు. తరువాత అన్నను వెంటబెట్టుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లాడు. తలుపు వెనక చాలాసేపు అరబ్బీ వినిపించింది. బయటికి వచ్చేటప్పటికి ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. "టికెట్ చూసుకో" అన్నాడు అన్నతో. నాతో ఏమీ అనలేదు. అదే నాకు పెద్ద బహుమానం.

అన్న ఊరు చేరిన సాయంత్రం వీడియో కాల్ చేశాడు. పిల్ల ఆయన భుజమెక్కి కూర్చుంది. నా ముఖం కనబడకుండా నేను ఫోను గోడవైపు తిప్పి పెట్టాను. "రాజుగారూ, మా నాయినను తోలిచ్చినవు. నువ్వు మంచిగున్నవు. ఇగ నువ్వు గూడ మీ ఇంటికి పో, ఎన్నొద్దులుంటవు?" అంది. దానికి మహారాజు గొంతులో బ్రహ్మాండమైన జవాబు చెప్పాలని నోరు తెరిచాను. బొంగురు గొంతు రాలేదు. "పోత బిడ్డా, పోత" అన్నాను, నా మామూలు గొంతుతో. "నాయినా, ఈయన రాజు గాదు. ఎవరో మనిషి" అని పిల్ల ఫోను పెట్టేసింది.

ఇప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది. సింహాసనం పోయిన ఆ కుర్రవాడు గోడవైపున్న ఫోను తిప్పి చేతిలోకి తీసుకున్నాడు. తరువాత తన ఇంటికి ఫోను చేశాడు. ఇంట్లోవాళ్లు ఎట్లున్నవని అడిగినప్పుడల్లా "మంచిగున్న" అని పెట్టేసేవాడు, ఆ సాయంత్రం మాత్రం తనకు ఇక్కడ ఎట్లా ఉందో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు.