మూడోసారి అడగని హోటలు

ఆ రోజుల్లో నాకు ఆకలి ఎక్కువ, నోరు తక్కువ. ఇప్పుడు రెండూ తారుమారయ్యాయని మా ఆవిడ అంటుంది గానీ, ఆమె పెళ్లయ్యాక చూసిన మనిషి గురించి చెబుతోంది. నేను చెప్పేది అంతకు ముందరి మనిషి గురించి. ఇరవై నాలుగేళ్లవాడు, బహ్రెయిన్ వచ్చి రెండో ఏడు, సల్మాబాద్ క్యాంపులో ఆరుగురుండే గదిలో పై మంచం వాడు, ఏసీ మెకానిక్కుకు హెల్పరు. (ఊళ్లో మావాళ్లు ‘దుబాయిల ఇంజినీరు’ అని చెప్పుకునేవారు. ఇది దుబాయీ కాదు, నేను ఇంజినీరునూ కాదు. ఆ రెండు ముక్కలు తప్పిస్తే మిగతాదంతా నిజమే.)

మా జగిత్యాల వైపు ఒక మర్యాద ఉంది. ఎవరింటికైనా వెళితే, తినమనగానే తినకూడదు. మొదటిసారి అడిగితే ‘ఇప్పుడే తిని వచ్చిన’ అనాలి. రెండోసారి ‘అయ్యో వద్దు’ అని పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాలి. మూడోసారి ఇంటివాళ్లు కోపం తెచ్చుకుని వడ్డిస్తే, ఇక తప్పదన్నట్టు మొహం పెట్టి కడుపునిండా తినాలి. మొదటి పిలుపుకే కూర్చున్నవాణ్ని చూసి ‘ఇంట్ల తిండి వెట్టరా ఏంది’ అని వెనక నవ్వుకుంటారు. ఈ విద్యలో మా అమ్మ నాకిచ్చిన శిక్షణ చాలా గట్టిది. చిన్నప్పుడు మేనత్త ఇంట్లో అడగకముందే గారె తీసుకున్నందుకు ఆమె పెట్టిన తొడపాశం గుర్తు ఎన్నాళ్లున్నదో నాకే తెలుసు.

అలాంటి నాకు ఊళ్లో ఒక సంబంధం చూశారు. అమ్మాయి ఫోటో ఫోన్‌లో వచ్చింది. నేను ఆ ఫోటోను రోజుకెన్నిసార్లు చూశానో చెబితే ఈ వయసులో బాగుండదు. అమ్మాయికి తండ్రి లేడు. చిన్నాయనే పెద్దదిక్కు. ఆయన ఎవరో కాదు, మనామాలో ఒక కంపెనీ ఆఫీసులో కాగితాల పని చూస్తూ జింజ్‌లో కుటుంబంతో ఉంటున్న పెద్దమనిషి. ఆయన నన్ను చూసి సరే అంటేనే సంబంధం, లేకపోతే లేదని అమ్మ ఫోన్‌లో తేల్చి చెప్పింది. మామూలుగా పిల్లను చూడ్డానికి పిలగాడు పోతాడు. ఇక్కడ పిలగాడినే చూస్తారన్న మాట. పోనీ జింజ్‌లో వాళ్లింటికి రమ్మన్నారా అంటే అదీ కాదు. శుక్రవారం పగటి భోజనానికి అరాద్‌లో ఏదో ఇటలీ హోటలుకు తీసుకుపోతానని ఆయనే ఫోన్ చేశాడు.

ఆ కబురు విని మా గదిలో పెద్దన్న (టైల్స్ మేస్త్రీ, వయసులో అందరికన్నా పెద్ద, మాకు తండ్రితో సమానం) నా బాధ్యత మొత్తం తన మీద వేసుకున్నాడు. ఆయన ఒకసారి పెద్ద హోటలు వంటింట్లో టైల్స్ వేశాడు. తలుపు సందులోంచి జనం ఎలా తింటారో నెల రోజులు చూశాడు కాబట్టి ఆ విషయంలో మాకు ఆయన మాటే వేదం. గురువారం సాయంత్రం సేమియా ఉప్మా వండించి, ఎక్కడినుంచో ఒక ఫోర్కు సంపాదించి, నా చేత గంటసేపు సాధన చేయించాడు. సేమియాలో సగం నా ఒళ్లో పడింది. చివరికి ఆయనే నిట్టూర్చి, ఫోర్కు సంగతి ఎట్లున్నా మర్యాద మాత్రం తప్పొద్దని, రెండుసార్లు వద్దనకుండా ఏదీ ముట్టుకోవద్దని చెప్పాడు. ‘‘పిల్లనిచ్చేటోళ్ల ముంగట ఎగవడి తింటే ఇజ్జత్ పోతది రా’’ అన్నాడు. ఆ ఒక్కటీ నాకు వచ్చిన విద్యే కాబట్టి ధైర్యం కలిగింది. మంచి భోజనం ఉందని మర్నాడు పొద్దున్న టిఫిను కూడా మానేశాను. అది నేను చేసిన మొదటి తప్పు.

పన్నెండింటికి మామ (అప్పటికి ఇంకా మామ కాదు, కానీ ఆశ కొద్దీ లోపల అలాగే పిలుచుకునేవాణ్ని) కారు తెచ్చి క్యాంపు గేటు దగ్గర ఆపాడు. వంతెన దాటి అరాద్ వెళ్లేలోపు మా ఊరి వానల గురించి, మా నాన్న మోకాళ్ల గురించి అడిగాడు. ఆకలవుతోందా అని కూడా అడిగాడు. లేదన్నాను. ఆ లెక్కన ఒకటి అయింది.

హోటలంటే నేను అద్దాల మేడ ఊహించుకున్నాను. తీరా చూస్తే చిన్న గల్లీలో దర్జీ కొట్టు పక్కన ఒక ఇల్లులాంటిది. లోపల ఆరు బల్లలు, వాటిమీద ఎర్ర గళ్ల గుడ్డలు, గోడకు ఎవరిదో పాత పెళ్లి ఫోటో. వెల్లుల్లి వేగుతున్న వాసనకు నా పేగులు లేచి కూర్చున్నాయి. భుజాన తువ్వాలు వేసుకున్న ఇటలీ ముసలాయన ఒకడు నవ్వుతూ ఎదురొచ్చాడు. యజమానీ ఆయనే, వడ్డించేదీ ఆయనే. లోపల వంట చేస్తున్న భార్య గొంతు మాకు వినబడుతూనే ఉంది, మనిషి మాత్రం కనబడలేదు. తాత నేరుగా నా దగ్గరికి వచ్చి సూప్ తెమ్మంటావా అని ఇంగ్లీషులో అడిగాడు. నేను నేర్చుకున్న ప్రకారం ‘నో, థాంక్యూ’ అన్నాను. రొట్టె? నో. మరి భోజనానికేం తెమ్మంటావు? సూపూ రొట్టే లెక్కలోకి రావు; కారులో అడిగింది ఒకటి, ఇది రెండు, ఇక్కడే చెయ్యి అడ్డం పెట్టాలి కాబట్టి, పళ్లెం మీద చెయ్యి పెట్టి మరీ ‘నో, నో’ అన్నాను. ఇక మూడోసారి గట్టిగా అడుగుతాడు, ఒప్పుకుందామని సర్దుకుని కూర్చున్నాను. తాత ‘ఖలాస్’ అని తలూపి, నా ముందున్న పళ్లెం, చెంచా, ఫోర్కు అన్నీ తీసుకుని వెళ్లిపోయాడు.

నా జీవితంలో ఒక పళ్లెం వెనక్కి వెళుతుంటే అంత దిగులుగా చూసింది అదొక్కసారే. పిలగాడు వద్దన్నాక తాను నాలుగు రకాలు చెప్పుకోవడం బాగుండదని, మామ మెనూ కార్డు మీద వేలు పెట్టి ఏదో ఒకటి చూపించాడు. కాసేపటికి ఇద్దరికి సరిపోయేంత పళ్లెం నిండా పొగలు కక్కుతూ ఎర్రటి పాస్తా వచ్చింది. మామ ఫోర్కు పట్టుకున్నాడు, నావైపు చూశాడు, మళ్లీ కింద పెట్టాడు. ఎదుటివాడు ఖాళీగా కూర్చుంటే తాను తినే మనిషి కాదాయన. ‘‘జర తిను బాబు’’ అన్నాడు. అదీ మూడోసారి. రూలు ప్రకారం ఇప్పుడు నేను ఒప్పుకోవచ్చు. కానీ దేంట్లో తినాలి? నా ముందు గళ్ల గుడ్డ తప్ప ఏమీ లేదు. కాబోయే అల్లుడు నోరు తెరిచి ‘నాకో పళ్లెం తెప్పించండి’ అనడం మా వంశంలో లేదు. ‘పర్వాలేదు మామా’ అన్నాను, ఆ పిలుపు నోరు జారి బయటికి వచ్చేసింది.

మామ మొహం వాడిపోయింది. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. మా వైపు ఇంకో ఆనవాయితీ కూడా ఉంది, ఆకలి మంటలో అది నాకు తట్టనే లేదు. పిల్ల తరఫువాళ్లు పెట్టింది ముట్టకుండా లేచిపోతే సంబంధం ఇష్టం లేదని అర్థం. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు: ‘‘మా పిల్ల నచ్చలేదా బాబు? నచ్చకుంటె నోటితోని చెప్పు. తండ్రి లేని పిల్లని సిన్నచూపు సూసి, గిట్ల అన్నం మీద సూపెట్టకు.’’

పొద్దున్న లేచింది మొదలు ఆ ఫోటోను తప్ప మరొకటి చూడని నన్ను అడుగుతున్నాడు ఆ మాట. నచ్చిందని చెప్పాలి. చాలా నచ్చిందని చెప్పాలి. కానీ పెద్దవాళ్ల ముందు ఆ మాట ఎలా అనాలో పెద్దన్న నేర్పలేదు, అమ్మా నేర్పలేదు. నా మర్యాదే నా పెళ్లిని మింగేస్తోందని అర్థమై కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో తాత వచ్చాడు. ముట్టని పాస్తాను చూశాడు, మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఆయనకు పాపం మూడో బాధ. తన భార్య వంట బాగాలేదేమో అనుకున్నాడు. ఏం తప్పు జరిగిందని అడిగాడు. మామ వచ్చిన ఇంగ్లీషులో, వంట తప్పేం లేదని, అబ్బాయికి ఆకలి లేదని చెప్పాడు. సరిగ్గా అప్పుడే నా కడుపు బయటికి వినబడేంత గట్టిగా గుర్రుమంది. తాత నన్ను ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్లి పెద్ద పళ్లెం తెచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు. గరిటెతో తీసి వడ్డించడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ నా చెయ్యి అడ్డం వెళ్లింది. ఆయన ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని తీసి బల్ల మీద పక్కన పెట్టి, మళ్లీ వడ్డించాడు. మా మేనత్త కూడా అంత ఖచ్చితంగా చెయ్యలేదు.

ఇక నేను ఆగలేదు. ఫోర్కు రెండుసార్లు ప్రయత్నించి వదిలేసి, చేత్తో కలిపి ముద్దలు చేసుకుని తిన్నాను. మామ చూసి చూసి తన ఫోర్కు పక్కకు నెట్టి తానూ చెయ్యి పెట్టాడు. ఆ హోటలుకు తాను ఇంతకుముందు ఒక్కసారే, అదీ ఆఫీసు వాళ్లతో వచ్చానని, ఇలాంటి చోట కూర్చోబెడితే పిలగాడికి గౌరవంగా ఉంటుందని తీసుకొచ్చానే గానీ తనకూ ఆ కార్డులో ఒక్క ముక్క అర్థం కాలేదని తింటూ తింటూ ఒప్పుకున్నాడు. నేను రెండోసారి పెట్టించుకున్నాను. (అడగలేదు. తాత పెట్టాడు.) కడుపు నిండిన ఆనందంలో మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో మరిచిపోతాడు కదా. మా ఇంట్లో లాగే సీసాలోని నీళ్లు వంపి, గళ్ల గుడ్డ మీది ఆ తెల్లటి పళ్లెంలోనే హాయిగా చెయ్యి కడిగేశాను. కడిగాక తలెత్తితే పక్క బల్లమీది కుటుంబం అంతా నన్నే చూస్తోంది. నా చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. అప్పుడు మామ ఆ సీసా అందుకుని, తన పళ్లెంలో తన చెయ్యీ కడిగాడు. ‘‘కంచంల చెయ్యి కడిగి పదేండ్లయింది బాబు’’ అన్నాడు. తాత భుజం మీది తువ్వాలు తీసి ముందు నాకిచ్చాడు.

బయటికి వచ్చాక మామ కాస్త దూరంగా నిలబడి ఊరికి, వాళ్ల వదినకు ఫోన్ చేశాడు. మాటలు వినబడలేదు. మధ్యలో ఒకసారి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు నా ప్రాణం పోయింది. తోవంతా ఆయన ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు (అడిగే నోరే ఉంటే ఇదంతా ఎందుకు). మూడు రోజులకు అమ్మ ఫోన్ చేసి, వాళ్లు ఒప్పుకున్నారని చెప్పింది. పెద్దన్న ఆ ఘనత తన సేమియాదేనని ఈనాటికీ అనుకుంటున్నాడు. నేనూ కాదనలేదు.

ఇది జరిగి పన్నెండేళ్లయింది. నేను హెల్పరు నుంచి ఫోర్‌మ్యాన్‌నయి, మా ఆవిణ్ని తెచ్చుకుని అరాద్‌లోనే కాపురం పెట్టాను. మామ పని చాలించుకుని ఊరికి వెళ్లిపోయాడు. ఆ హోటలుకు మేం ఏడాదికి రెండుసార్లయినా వెళతాం. మొన్న వెళ్లినప్పుడు మా ఆవిడ పాస్తా నా పళ్లెంలో వడ్డిస్తుంటే, ఇన్నేళ్లలో ఒక్కనాడైనా ‘వేసుకుంటావా’ అని అడిగిన పాపాన పోలేదేమని వేళాకోళమాడాను. ఆమె గరిటె ఆపకుండానే, ఆ రోజు చిన్నాయన ఈమె తల్లితో ఫోన్‌లో అన్న మాటలు చెప్పింది. స్పీకర్లో పెట్టిన ఫోన్ పక్కన తలుపు చాటున నిలబడి విన్నదట.

‘‘వదినా, పిలగానికి ఆకలైతే అడుగుడు గూడ రాదు. మన పిల్లనే కనిపెట్టి పెట్టుకోవాలె. ఇద్దాం.’’

నేనేదో నా గుణాలు చూసి పిల్లనిచ్చారని పన్నెండేళ్లుగా లోలోపల మీసం మెలేస్తున్నాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆ ముగ్గురు మనుషులూ గుర్తొచ్చారు. ఆకలిని అడగకుండా కనిపెట్టిన తాత, కనిపెట్టమని చెప్పిన మామ, విని ఇన్నేళ్లూ ఒక్కపూట కూడా మరిచిపోని ఈ మనిషి. నేను తలవంచుకుని తినడం మొదలుపెట్టాను. ఆమె ఇంకో గరిటె వేసింది.