ఏడేళ్ల తిమ్మిరి

పదిహేను రోజుల కిందట ఒక పొద్దున మార్కండేయుడి పటం ముందు దీపం ముట్టించి, కాసేపు కళ్ళు మూసుకుని లేచాక చూసుకుంటే, కుడిచేతి చిటికెన వేలి మీద శనగగింజంత బొబ్బ లేచి ఉంది. అగ్గిపుల్ల కాల్చిందో, అంతకుముందు దించిన చాయ్ గిన్నె కాల్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కాలితే అబ్బా అనడం కూడా ఒక భాగ్యమేనంటే మా ఈడు వాళ్ళు నవ్వుతారు గానీ, నొప్పి తెలియని ఆ వేలిని చూస్తే నాకు నిజంగా భయం వేసింది. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే పిలిచి చూపించేవాణ్ణి. లేరు కనుక నేనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

బొబ్బ ఒక్కటే అయితే ఇంత కొబ్బరినూనె రాసి ఊరుకునేవాణ్ణే, కానీ ఏడాది బట్టి ఆ చేయి నా మాట వినడం మానేసింది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పావుగంట పట్టేది, అన్నం కలుపుతుంటే చివరి రెండు వేళ్ళు అలిగిన చుట్టాల్లా పక్కకు నిలబడేవి, గ్లాసు పట్టుకున్నానో లేదో కంటితో చూసుకోవలసి వచ్చేది. వాతం అనుకున్నాను, ముసలితనం అనుకున్నాను, మోచేతికి వేడి ఇటుకతో కాపడం పెట్టాను, పొగాకు కట్టు కూడా కట్టాను గానీ దవాఖానకు మాత్రం పోలేదు. చివరికి ఆ బొబ్బే నన్ను ఈ మరాఠీ ఊళ్ళో మా తెలుగు నేతగాళ్ళుండే భవాని పేట్ నుంచి లేపి, కొంతం చౌక్ దాటించి, నరాల డాక్టరు ముందు కూర్చోబెట్టింది.

డాక్టరు పడుచువాడు, మరాఠీ ఆయన, పెద్దవాళ్ళతో మాట్లాడే మర్యాద తెలిసినవాడు. చేతికి తీగలు అంటించి కరెంటు పంపి చూశాడు. నా బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక కాగితం పెట్టి, గట్టిగా పట్టుకోమని తను లాగితే, అది వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. మోచేతి ఎముక వెనక నుంచి పోయే నరం ఒత్తిడికి నలిగిపోయిందనీ, రాత్రిళ్ళు మోచేయి వంగకుండా పట్టీ కట్టుకుని చూడటం ఒక దారి, ఆపరేషన్ చేసి ఆ నరాన్ని విడిపించడం ఇంకో దారి అనీ చెప్పాడు. జబ్బు ఏడాదిదే అయితే ఆపరేషన్ తర్వాత చాలామటుకు తిరిగి రావచ్చట. ఏళ్ళ నాటిదైతే పోయిన స్పర్శ రావడం కష్టమట, ఉన్న బలాన్ని నిలబెట్టుకోవడమేనట. నేను ఏడాదే అన్నాను. ఆయన నా బొటనవేలి పక్కన కండ కరిగి గుంట పడిన చోటును నొక్కి చూసి, నమ్మలేదు. బాగా గుర్తు చేసుకుని, ఏ దారి కావాలో నిర్ణయించుకుని, వారం తర్వాత రమ్మన్నాడు.

తిరిగి వస్తున్నంతసేపు నాకు ఒకటే కోపం. నా చేయి సంగతి నాకు తెలియదా? నలభై ఏళ్ళు ఈ చేతితోనే కదా అన్నం తిన్నాను. కుంఠా నాకా కార్ఖానాల్లో మరమగ్గపు సాంచా మీద నిలువు పోగులు చుట్టిన పాత బీము అయిపోవచ్చినప్పుడు, కొత్త బీము పోగుల్ని పాత పోగుల కొనలకు ఒక్కొక్కటిగా అతకడం నా పని. ముడి వేయకూడదు, వేస్తే పోగులు దూరే పన్నె సందుల్లో ఇరుక్కుంటుంది. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొనలు కలిపి బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పితే పోగు పోగులో కలిసిపోవాలి. ఒక్కో బీముకు వేల పోగులు. సాంచా ఇనుప చట్రానికి మోచేయి ఆనించి కూర్చుంటేనే చేయి నిలకడగా ఉంటుందని మా నాయన నేర్పాడు, ఆ ఆనించడమే నరాన్ని తినేసిందని ఇప్పుడు డాక్టరు అంటున్నాడు. ఎవరిని తప్పుపడతాం, నాయన కూడా తన నాయన దగ్గర నేర్చుకున్నదే.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు అతుకుతుంటే ఎదుటివాళ్ళు పోగులను వరస తప్పకుండా ఏరి అందించాలి. పెళ్ళయిన మరుసటి ఏడాది నుంచి నా ఎదుట కూర్చున్నది మా ఇంటామె. మాకు పిల్లలు లేరు, ఉన్నదల్లా మేమిద్దరమే. సాంచాల చప్పుడులో మాట వినబడదు గనక కనుబొమ్మలతోనే మాట్లాడుకునేవాళ్ళం, కనుబొమ్మలతోనే తిట్టుకునేవాళ్ళం కూడా. చివరి మూడేళ్ళలో ఆమెకు ఒక కొత్త అలవాటు వచ్చింది. నేను అతికిన వరసను అరచేత్తో ఒకసారి నిమిరి, అక్కడే కాసేపు తచ్చాడి, ఆ తర్వాతే ముందుకు జరిగేది. నాకు ఒళ్ళు మండేది. నీ నత్తనడకకు రెండు రోజుల పని నాలుగు రోజులవుతోందని నలుగురి ముందు ఆమెను విసుక్కున్న రోజులున్నాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, బూడిద గిన్నె నా దగ్గరికి జరిపేది.

నాలుగేళ్ళ కిందట కామెర్లు వచ్చి పక్షం రోజుల్లోనే వెళ్ళిపోయింది. తర్వాత వేరే మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని ఒక బీము అతికితే, పన్నె దాటుతూనే అతుకులు పదులకొద్దీ ఊడిపోయాయి. కార్ఖానా సేటు వచ్చి అడిగితే గంజి బాగా లేదన్నాను. ఇది మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన రోగం, పోగు తెగితే నేతగాడు ముందు గంజిని తిడతాడు, తర్వాత నూలును తిడతాడు, తన చేతి దాకా మాత్రం రాడు. రెండో బీమూ అట్లాగే అయ్యేసరికి సేటుతో కొట్లాడి, తువాలు భుజాన వేసుకుని వచ్చేశాను. పెళ్ళాం పోయిన దుఃఖంలో చేయి కుదరడం లేదని జనం అన్నారు, నేనూ అదే నమ్మాను.

డాక్టరు దగ్గర నుంచి వచ్చేసరికి పక్కింటి చెల్లె గడపలో కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తోడబుట్టింది కాదు, మా ఇంటామెను వదినె అని పిలిచి వరస కలుపుకున్న మనిషి. ఏడాది జబ్బును పట్టుకుని ఈ డాక్టరు ఏళ్ళనాటిదంటున్నాడు చూడమ్మా అని ఆమెకు ఫిర్యాదు చేశాను. మాట్లాడినా, తిట్టినా, నవ్వినా ఆగని ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏడాది ఏందన్నా, గది వదినె ఉన్నప్పటి సందే ఉన్నది. నువ్వు అతికినయి ఊడుతుంటె, నువ్వు చూడకుంట మల్ల మెలిపెడుతుండె. నీకు తెలిస్తె మనసు చిన్నబుచ్చుకుంటవని నాతోని ఒట్టు పెట్టించుకున్నది. మా మనుమరాలు బడిల పడ్డ యేడు సంది గిదే కత."

ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతిలో ఉంది.

ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. నా తప్పును తన వేళ్ళతో దిద్దుతూ, దానికే నా చేత తిట్లు తిన్నదే! ఆ వారమంతా మంచం దిగబుద్ధి కాలేదు. ఆపరేషన్ ఎందుకు, పట్టీ కట్టుకుని కూర్చుంటే పోదా, ఈ చేయి ఇక ఎవరికి కావాలి అనిపించింది. ఇంకో పిచ్చి ఆశ కూడా పుట్టింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏడాదే అని మళ్ళీ అబద్ధం చెబితే డాక్టరు చాలామటుకు తిరిగి రావచ్చన్న ఆ మంచిమాట ఇంకోసారి అంటాడు కదా అని.

ఆరో రోజు మధ్యాహ్నం పొయ్యిలోంచి ఇంత బూడిద జల్లించుకుని, పాత నూలు కండె నుంచి పోగులు తీసి, కిటికీ దగ్గర కూర్చుని పది అతుకులు వేశాను. ఒక్కొక్కటీ లాగి చూశాను. ఎనిమిది ఊడిపోయాయి. రెండు మాత్రం ఎంత లాగినా నిలిచాయి. ఎనిమిదింటిని దిద్దే మనిషి లేదు సరే, ఆ రెండూ పోయేదాకా గంజిని తిట్టుకుంటూ కూర్చోవడమేనా అనుకున్నాను.

మర్నాడు వెళ్ళి డాక్టరుకు ఏడేళ్ళు అని చెప్పాను. ఇప్పుడు ఎట్లా తెలిసిందని అడిగితే, మా ఇంటామెకు తెలుసునన్నాను. ఆయన ఆ రెండు వేళ్ళ స్పర్శ మీద ఆశ పెట్టుకోవద్దనీ, బొటనవేలి బలం నిలబడవచ్చుననీ, అదీ గ్యారంటీ కాదనీ ఉన్నదున్నట్టు చెప్పాడు. కోయండి అన్నాను. కాగితంలో దగ్గరి మనిషి పేరు రాయమంటే పక్కింటి చెల్లె పేరు, ఎడమచేత్తో వంకరటింకరగా రాశాను. వచ్చే సోమవారం ఆపరేషన్.

ఇప్పుడు కుంఠా నాకాలో అతుకులకు మిషన్లు వచ్చాయి. ఒక్క మనిషి నిలబడి తోసుకుంటూ పోతే పూటలో బీము అయిపోతుంది, ఎవరి మోచేయీ అరగదు, మంచిదే, నేను కాదనను. కానీ ఎదురెదురుగా కూర్చునే ఇద్దరు మనుషులు ఇప్పుడు ఏ కార్ఖానాలోనూ కనబడరు. ఆ రోజుల్లో నా చేయి పోతోందని నాకంటే ముందు ఒక మనిషికి తెలిసింది, తెలిసి మూడేళ్ళు దాన్ని తన చేతిలో దాచిపెట్టుకుంది. సోమవారం తర్వాత ఇది బాగుపడినా, పడకపోయినా, ముందుగా తెలిసేది నాకే.