తొమ్మిదో చెట్టు

పోయిన నెల మా ఆపా కబురు పెట్టింది, బొంతకు ఒక చెట్టు తక్కువైంది, వచ్చి కుట్టిపొమ్మని. ఆపా అంటే మా అక్క. ఉదయగిరిలో ఉంటుంది, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆమె మనవరాలు, అంటే కొడుకు బిడ్డ, మర్రిపాడు నుంచి పురిటికి వచ్చి ఉంది. పుట్టే బిడ్డ కోసం ఆపా తొమ్మిది గళ్ల బొంత మొదలుపెట్టి, ఎనిమిది గళ్లలో ఎనిమిది చెట్లు కుట్టేసరికి షుగరు ఆమె చూపును తినేసింది. ఆత్మకూరులో ముప్పై ఏళ్లు టైలరు షాపు నడిపినవాణ్ని, ఒక్క చెట్టు ఏపాటి పని అనుకుంటూ కత్తెర సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఆ చెట్టు గురించి కొంచెం చెప్పాలి. జానెడు తెల్లగుడ్డ మీద ఒక గోధుమరంగు పట్టీ, అది మాను. దానికి రెండు పక్కలా, పైనా పచ్చగుడ్డ మూడుమూలల ముక్కలు పదకొండు, అవి ఆకులు. కొత్తగుడ్డ పనికిరాదు. బిడ్డ ఒంటికి తగిలేది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు కట్టి, ఉతికి, మెత్తబడిన పాతగుడ్డే ఉండాలని మా ఇళ్లలో పట్టింపు. కుట్టు ఆపాది గానీ చెట్టు రూపం బావది. బావ కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఒకరోజు పొయ్యిబొగ్గుతో అట్టముక్క మీద ఈ చెట్టు గీసి, కత్తిరించి భార్య చేతికిచ్చాడు. ఆ ఇద్దరూ ఒక్కమాట మీద చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే. మిగతా కాలమంతా కూరలో ఉప్పు దగ్గర్నుంచి కొడుకు పెళ్లి దాకా ఒకరు అన్నది ఇంకొకరు కాదంటూనే కాపురం చేశారు.

ఇరవై ఏళ్ల కిందట ఆపా ఒక బొంత పట్టుకుని మా షాపుకు వచ్చింది, అంచు మిషను మీద వేయించుకోడానికి. బావే దాన్ని బస్సు దాకా మోసి, నలుగురి కంటా పడేట్టు గుమ్మానికి తగిలించమని చెప్పి పంపాడట. తగిలించాను. ఆపా లోపల పరదా వెనక టీ తాగుతోంది. అంతలో జాకెట్ల కోసం ఒక టీచరమ్మ వచ్చి, బొంత దగ్గరే ఆగిపోయింది. ఆకుల మీద చెయ్యి వేసి చూసింది. ఇంత మంచి పని ఈ చుట్టుపక్కల ఎక్కడా చూడలేదని, ఎవరు కుట్టారని అడిగింది.

"నేనేనమ్మా," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. అంతవరకూ నా పనిని ఎవరూ అట్లా నిలబడి చూడలేదు. చంక దగ్గర పట్టేసిందనో, మెడ దిగిపోయిందనో చెప్పడానికే మళ్లీ వచ్చేవాళ్లు. ఆ మెప్పు ఒక్కసారి నాదైతే బాగుండుననిపించింది, నాది చేసుకున్నాను. పరదా వెనక గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ఆపా బయటికొచ్చి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నడూ బొంత తేలేదు. అక్క షాపుకు రావడం లేదేమని ఎవరన్నా అడిగితే మోకాళ్ల నొప్పులని చెప్పేవాణ్ని. టీచరమ్మ తనకూ ఒకటి కావాలంటే మిషను మీద లాగించి ఇచ్చాను. అందులో చెట్లు గొడుగుల్లా ఉన్నాయి. ఆమె మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆపా మంచం పక్కన చాప మీద కూర్చుని కుట్టిన మొదటి చెట్టు ఆమె చేతికిచ్చాను. వేళ్లతో తడిమి, "లాగేసినావు, విప్పు," అంది. మూడుమూలల ముక్కకు ఏటవాలు అంచు సాగుతుంది. మిషను మీద బతికినవాడికి గుడ్డను ఎడమచేత్తో బిగించి పట్టడం అలవాటు. చేత్తో కుట్టేవాళ్లు గుడ్డను పడుకున్నట్టే ఉండనిచ్చి, సూదినే దాని దగ్గరికి తీసుకుపోతారు. రెండోసారీ విప్పించింది.

"ఏందిరా, ఇన్నేండ్లూ జనానికి గుడ్డలు కుట్టినావా, పీకినావా?"

మూడోసారి విప్పేసరికి నడుము పట్టేసింది, కళ్లు నీళ్లు కారుతున్నాయి, అరవై దాటిన ఒళ్లు ఇక చాలంటోంది. ఇంక దేన్నీ మోసే ఓపిక లేక నోరు తెరిచాను.

"ఆపా, ఆ పొద్దు టీచరమ్మతో నేనే కుట్టినానని చెప్పినా. తప్పు చేసినా."

"ఇనినా కదా, పరదా ఎనకాలే ఉండాను," అంది. "నా బాధ నాల్రోజుల్లో పోయిందిలే. ఇంటికొస్తే మీ బావ వాకిట్లోనే నిలబడి ఉండాడు. ఎవురన్నా చూసినారా, చెట్టు బాగుందన్నారా అని అడిగినాడు. ఉన్నది చెప్తే ఇంక నీ గడప తొక్కేవాడా? ఎవురూ చూళ్లేదని చెప్పినా. ఆయన మళ్లా అట్ట మీద బొమ్మ గీయలా."

నేను ఆపాకు చేసిందే తప్పనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. బావ పోయి ఎనిమిదేళ్లు.

నాలుగోసారి కుట్టిన చెట్టు కూడా ఒక పక్కకు వాలింది. ఆపా తడిమి చూసి, ఉండనీలే అంది. సాయంత్రం మనవరాలు బొంతను మంచం మీద పరిచి, ఈ చివరిది ఎవరు కుట్టారని నవ్వుతూ అడిగింది.

"ఎనిమిది నావి. ఆ వాలింది మీ ఆత్మకూరు తాతది. చెట్టు మాత్రం మీ దాదాది, ఆయన గీసిందే."

మా బావను దాదా అని పిలిచే ఆ పిల్ల, దాదా భలే గీసినాడే అంటూ ఆకుల మీద చెయ్యి వేసి చాలాసేపు చూసింది. నేను సూదులు ఏరుకుంటూ తల వంచుకున్నాను. ఉన్న మాట చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లు దొరికాయి. దాన్ని వినాల్సిన మనిషికి అందులో పన్నెండేళ్లే దొరికాయి.