పుట్టింటి చీర మీద రాక్షసబల్లి

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. పొద్దున్నే మామయ్య ఫోన్ చేసి "మీ అత్త లేదు బిడ్డా" అన్నాడు. ఆ పైన ఫోన్ వాళ్ళక్క చేతికిచ్చాడు. ఆవిడ నాకు పెద్దమ్మ వరస. ఏడుస్తూనే పని పురమాయించింది.

"పసుపు కుంకాలతోని పోయింది. పుట్టింటి చీర కట్టి పంపాలె. మీ నాయన లేడు కాబట్టి నువ్వే తేవాలె. మంచి పట్టుచీర పట్టుకొని జల్దీ రా."

భర్త ఉండగా పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్ళు తెచ్చిన కొత్త చీర కట్టి సాగనంపడం మాలో ఆనవాయితీ. నాన్న పోయాక అత్తకి పుట్టిల్లంటే నేనే. ఖమ్మంలో నాకు చిన్న మగ్గం వర్క్ షాపు ఉంది. జాకెట్లకీ చీరలకీ పూలూ నెమళ్ళూ కుడతాను. షాపు తలుపు తీసేసరికి ఎదురుగా కొత్త చీర మడతపెట్టి ఉంది. అత్త చెప్పి మరీ చేయించుకుంటున్న చీర. ఆకుపచ్చ నేత చీర, కొంగు మీద పొడుగు మెడ రాక్షసబల్లి, డైనోసార్ అన్నమాట, వెనకాలే నడుస్తున్న దాని పిల్ల. ముందురోజే ఆఖరి ముడి వేశాను.

ఇంక పట్టుచీర కొనలేదు. ఆ చీరనే సంచిలో పెట్టుకుని కారెక్కాను. దారి పొడుగునా ఒకటే గుబులు, అక్కడ కట్టనిస్తారా అని. అత్తని అత్తలాగే పంపాలి. నాకు కావలసింది అంతే.

పినపాకలో వాళ్ళది కిరాణా కొట్టు. కొట్టు అత్త చూసుకునేది, మామయ్య బొగ్గుగనిలో పనిచేసేవాడు. ఒకసారి డ్యూటీ నుంచి వస్తూ ఒక రాతిపలక తెచ్చాడు. దాని మీద ఆకు అచ్చు, ఈనెలతో సహా.

"ఈ ఆకు తిన్న జంతువు ఏదై ఉంటదయ్యా?" అని అడిగిందట అత్త.

"నాకేం తెలుసే, బొగ్గు తీసేటోణ్ణి" అన్నాడట మామయ్య.

ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. పిల్లల బొమ్మల పుస్తకాలు తెప్పించుకుంది, ఫోన్‌లో వీడియోలు చూసింది. కందిపప్పు తూస్తూ కూడా చెవిలో అవే. ఆ ఆకు రాక్షసబల్లుల కంటే కూడా ముందుదని తెలిసి, "వాటికి అమ్మమ్మ వరసైతది" అని ఉప్పుకొచ్చిన వాళ్ళకీ చింతపండుకొచ్చిన వాళ్ళకీ చెప్పేది. మన గోదావరి లోయలోనే రాక్షసబల్లి ఎముకలు దొరికాయని తెలిసిన రోజు, సంబంధం కుదిరినంత సంబరంగా నాకు ఫోన్ చేసింది. "మన దిక్కుదేనే కోడలా. మన చుట్టమే."

హీరో బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని తిరిగే కుర్రాళ్ళని ఎవరూ ఏమీ అనరు కదా, మరి నేను రాక్షసబల్లి బొమ్మ వేసుకుంటే ఏం పోయింది అనుకుంది. అయితే మా అత్త భారీ మనిషి. మణుగూరు బజారంతా తిరిగినా ఆమెకు పట్టేది ఒక్కటీ దొరకలేదు.

"ఈ బొమ్మలన్నీ చిన్న పోరగాళ్ళ బనీన్ల మీదనే ఉంటయి. లావోళ్ళకి ఇష్టాలు ఉండవనుకున్నరా వీళ్ళు?" అని నా దగ్గర కోప్పడింది. చివరికి ఓ పిల్లాడి బనీను కొని, బొమ్మ కత్తిరించి, తన జాకెట్టు వీపు మీద కుట్టుకుంది. సరుకు తియ్యడానికి వెనక్కి తిరిగినప్పుడల్లా కొట్టు ముందున్న వాళ్ళందరికీ దర్శనం.

వాళ్ళింట్లోనే ఉండే పెద్దమ్మ అది చూసి అన్నం ముట్టలేదు. "బల్లి ఒంటి మీద పడితేనే తలకు పోసుకుంటం. నువ్వు కోరి కుట్టుకుంటవా? ఏం పోయేకాలమే నీకు?" అంది.

అత్త వాదించలేదు. ఉగాదికి కొన్న పంచాంగం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "వదినా, ఆడోళ్ళకి బల్లి ఎక్కడ పడితే మంచిదో జెర చదువు."

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివింది. వాళ్ళింటి పంచాంగం ప్రకారం వీపు బాగాలేదు, ఎడమ భుజం శుభం. "అయితే భుజం మీదికి ఎక్కిస్త" అని అత్త ఆ సాయంత్రమే కుట్లు విప్పింది. ఆ తర్వాత ఏ కొత్త జాకెట్టు కుట్టించినా ముందు పంచాంగం చూడాల్సిందే, అదీ పెద్దమ్మే చూడాలి. పైకి సణిగేది గానీ ఆవిడకీ అదో సరదా అయిపోయింది. ఆ ఇంట్లో కూర్చుని వాళ్ళిద్దరూ పేజీలు తిప్పుతుంటే మామయ్యా నేనూ పడీపడీ నవ్వేవాళ్ళం.

"ఇష్టమైనదాన్ని ఒంటి మీద ఏసుకోవాలె. పెట్టెల దాస్తే దానికి గాలాడదు" అనేది అత్త. అలాగని ఎవరినీ బలవంతపెట్టేది కాదు. ఆ ఊళ్ళో చదరంగం పిచ్చి ఉన్న ఆటో డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. ఖాకీ చొక్కా మీద బొమ్మ ఉంటే తోటివాళ్ళు ఆటపట్టిస్తారని సిగ్గుపడ్డాడు. "సరే, కాలర్ లోపల గుర్రం కుట్టియ్యి. ఆయనకు తెలిస్తే చాలు" అని ఆ చొక్కా నాకు పంపింది. ఇప్పటికీ కష్టమైన బేరం వస్తే కాలర్ సవరించుకుంటాడట ఆ మహానుభావుడు.

ఒకసారి హైదరాబాద్ మ్యూజియంలో అసలు ఎముకలగూడు చూపిస్తానని తీసుకెళ్ళాను. బడిపిల్లలు గుంపుగా వచ్చి ఉన్నారు. ఒక పిల్ల అత్త భుజం చూసింది, పక్కదాన్ని గోకింది. కాసేపటికి పిల్లలందరూ అంత పెద్ద అస్థిపంజరాన్ని వదిలేసి మా అత్త చుట్టూ చేరారు. "ఎక్కడ కొన్నారు ఆంటీ, మా అమ్మకి కావాలి" అని ఒకటే గోల. వాళ్ళ టీచర్ పిలిచినా కదల్లేదు. అంతమంది మధ్య మా అత్త తల ఎత్తుకుని నిలబడితే, ఈమె నా మేనత్త అని మైకులో చెప్పాలనిపించింది నాకు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆమెని తలుచుకున్నట్టే కాదు. అడవి పల్లె నుంచి సరుకులకి వచ్చే కోయ తల్లి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేది. ఆ పిల్లకి చూపు లేదు. ఒకరోజు అత్త జాకెట్టు చూసి అందరూ నవ్వుతుంటే "ఏంది, నీ భుజం మీద ఏమున్నది?" అని అడిగింది. అత్త బల్ల దాటి వచ్చి పిల్ల ముందు కూర్చుంది. "చూడు తల్లీ" అని ఆ చెయ్యి పట్టి భుజం మీద పెట్టుకుంది. పిల్ల తడిమి, "ఉట్టి బట్టనే ఉన్నది" అంది.

ఆ రోజే నాకు ఫోన్ వచ్చింది. "బట్ట అంటిస్తే ఆ పిల్లకి కనపడతలేదే కోడలా. దారం ఎత్తుగా లేపు. మెడ మెడ లెక్క తగలాలె, తోక తోక లెక్క తగలాలె." లోపల దూది పెట్టి, మీద మందపు దారంతో కుట్టి చూశాను. మూడోసారికి కుదిరింది. ఆ జాకెట్టు వేసుకుని కూర్చుంటే పిల్ల మెడ దగ్గర మొదలుపెట్టి తోక చివరి దాకా వేళ్ళు నడిపించి, "ఇంత పొడుగా?" అందట. తర్వాత ఆ పిల్ల గౌనుకీ ఒకటి కుట్టాను. ఇవాళ నా షాపుకి ఎత్తు పని కోసమే వెతుక్కుంటూ వస్తున్నారంటే అది అత్త పెట్టిన భిక్ష. గర్వంగానే చెప్తున్నాను.

పినపాక చేరేసరికి వాకిట్లో జనం. సంచిలోంచి చీర తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాను. కొంగు చూడగానే ఆవిడ మొహం మారింది.

"గిదేందే? బతికినన్ని దినాలు దాని ఇష్టమే నడిచింది. పోయేటప్పుడన్న నలుగురి లెక్క పంపొద్దా? ఊరు నవ్వదా?"

"పుట్టింటి నుంచి తెచ్చింది ఇదే పెద్దమ్మా. ఇంకోటి తేలేదు" అన్నాను.

స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె సర్దిచెప్పింది. "పోనీ అక్కా. పండుకోబెడితే కొంగు వీపు కిందికే పోతది. మీద దండలేస్తం. ఎవరికి కనపడతది? కట్టేద్దం." పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని సరేనంది. నాకూ ప్రాణం లేచొచ్చింది. కడితే చాలనుకున్నాను.

గుమ్మంలో కూర్చున్న మామయ్య అక్కడి నుంచే అన్నాడు. "కిందికి వద్దు. కొంగు ముందుకు పరవండి. ఆమె ఎన్నడన్న దాచుకున్నదా?"

పసుపు రాసి, కుంకుమ పెట్టి, చీర కట్టి, కొంగుని ఎదురురొమ్ము మీదుగా విప్పి పరిచాం. వాకిట్లో పడుకోబెట్టాక ఊరంతా వచ్చి పూలు వెయ్యడం మొదలుపెట్టారు. బంతిపూల దండలు ఒకదాని మీద ఒకటి పడి రాక్షసబల్లి మునిగిపోయింది. తల దగ్గర కూర్చుని ఏడుస్తున్న పెద్దమ్మ అది చూసింది. ఏడుపు ఆపకుండానే చెయ్యి చాపి దండల్ని పక్కకి జరిపింది. ఇంకెవరో దండ వేశారు, మళ్ళీ జరిపింది. పాడె లేపేదాకా అక్కడే కూర్చుని, పడ్డ ప్రతి దండనీ జరుపుతూనే ఉంది.