నిమిషం మేస్త్రి చేతులు

ఆ వీధిలో మోటారు సైకిళ్లు బాగుచేసే మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన నిమిషం మేస్త్రి. బ్రేకు వైరు తెగినా, ఇంజనంతా విప్పాల్సి వచ్చినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "ఒక్క నిమిషం." ఆ నిమిషం పూట కావచ్చు, వారమూ కావచ్చు. జనం విసుక్కునేవారు, నవ్వుకునేవారు, అంతేగాని ఇంకో షెడ్డుకు పోయేవారు కాదు. ఆయన చెయ్యి పడిన బండి మళ్లీ అదే రోగంతో వెనక్కి వచ్చిన పాపాన పోలేదు మరి.

అలాంటి మనిషిని ఏదో మాయదారి జ్వరం పట్టుకుంది. జ్వరమైతే తగ్గింది గాని, పోతూ పోతూ కుడిచేతికి చిన్న వణుకు అంటించి పోయింది. టీ గ్లాసు పట్టుకుంటే తొణికేది. ఆయన ఆ చేతిని జేబులో దాచుకోవడం మొదలుపెట్టాడు. "ఒక్క నిమిషం" అనడం మానేశాడు. వచ్చిన బళ్లన్నిటినీ పక్క వీధి మెకానిక్ దగ్గరికి పంపేసేవాడు. చివరికి షెడ్డే అతనికి అప్పగించేస్తానని మాటిచ్చాడు. సోమవారం పొద్దున అతనొచ్చి తాళాలు తీసుకునేటట్టు ఒప్పందం.

మేస్త్రి భార్య కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో అమరుస్తుంది. మాట మెత్తన, పట్టు గట్టి. ఈ సంగతి విని ఆవిడ గొడవ చెయ్యలేదు.

"మన బండి మూలన పడుందిగా, ముందు దాన్ని బాగుచెయ్యండి. అవ్వకపోతే తాళాలు ఇచ్చేద్దురుగాని. నేను కిక్కురుమంటే ఒట్టు" అంది.

ఆ బండి వాళ్ల పెళ్లికంటే పాతది. కిక్కు కొడితే లేస్తుంది గాని, యాక్సిలరేటర్ వదిలేయగానే ఊరికే గొంతు చించుకుని టక్కున ఆగిపోతుంది. కార్బురేటరు ఇంజనుకు అతికేచోట గాడిలో ఒక గుండ్రటి రబ్బరు సీలుంటుంది. అది పాడై ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతోంది. మేస్త్రికి చిటికెలో తెలిసిపోయింది. సీలు ఊడదీశాడు. మురికి శాంపిల్ పట్టుకుని స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లడం ఆయనకు నామోషీ. అందుకని దాన్ని రాత్రంతా పెట్రోలు డబ్బాలో నానబెట్టి, పొద్దున్నే శుభ్రంగా తుడిచి తీసుకెళ్లాడు.

"ఈ మోడల్ సామాను ఎప్పుడో ఆపేశారు. అయినా శాంపిలుంటే మీ తాతగారి బండికైనా ఇస్తాను" అన్నాడు కొట్టాయన. పాతదాని మీద కొత్తవి ఒక్కొక్కటే పెట్టి చూసి, అచ్చు గుద్దినట్టున్న రకం ఏరి ఇచ్చాడు.

బిగిస్తే ఆ సీలు గాడిలో ఒక పట్టాన నిలవలేదు. ఒకవైపు నొక్కితే రెండోవైపు లేచేది. ఎలాగో బిగించి కిక్కు కొడితే మళ్లీ అదే అరుపు. విప్పి చూస్తే సీలు ఒక అంచున నలిగి తెగి ఉంది. అదే రకం ఇంకో రెండు తెచ్చాడు. ఒకటి బిగిస్తే దానిదీ అదే గతి.

ఆదివారం మధ్యాహ్నం భార్య షెడ్డులోకి వచ్చేసరికి ఆయన నేలమీద కూలబడి ఉన్నాడు.

"అయిపోయిందే. రబ్బరు ముక్కని గాడిలో కూర్చోబెట్టలేని చెయ్యి ఇంకెందుకు? రేపు తాళాలిచ్చేస్తా."

ఓదారిస్తే తనే ముందు ఏడ్చేస్తానని ఆవిడ భయం. బల్లమీద మిగిలిన కొత్త సీలు తీసుకుంది. పాతది మూడునాలుగు రోజులుగా కిటికీ గట్టుమీద ఎండలో పడి ఉంది. చేతి అలవాటుకొద్దీ రెండూ పక్కపక్కన పెట్టింది.

"ఏవండీ, ఇవి రెండూ కొట్టులో సరిపోయాయన్నారుగా?"

"కళ్లారా చూశాగా."

"మరిప్పుడు పాతది ఇందులో దూరిపోతోందేంటి?"

మేస్త్రి సీళ్లవంక చూశాడు. పెట్రోలు డబ్బావంక చూశాడు. తల బాదుకున్నాడు.

"పెట్రోలు తాగి ఉబ్బిందే! ఆరేసరికి మళ్లీ ముడుచుకుపోయింది. కొట్టులో చూపించింది ఉబ్బినదాన్నే! ఈ ముక్క నేను ఎంతమందికి చెప్పుంటాను!"

నిజమే, చెప్పాడు. కానీ తప్పంతా తన చేతిమీదే వేసేసుకున్న మనిషికి ఇంకో కారణం వెతకాలని తోచలేదు.

"మేం పాత అద్దం చూసి కొత్తది కొయ్యం, ఫ్రేము గాడి కొలుస్తాం. లేవండి" అంటూ ఆవిడ సంచిలోంచి కాలిపర్ తీసింది. గాడి వెడల్పు, లోతు, చుట్టూ ఉన్న కైవారం, అన్నీ కొలిచింది.

ఇద్దరూ పరుగున వెళ్లేసరికి కొట్టాయన షట్టరు దించుతున్నాడు.

"శాంపిలేదీ?" అన్నాడు.

"శాంపిల్ లేదన్నయ్యా, కొలతుంది" అంది ఆవిడ.

ఆయన గొణుక్కుంటూనే వేరే బళ్ల సీళ్ల డబ్బా ఒకటి బల్లమీద బోర్లించాడు. ముగ్గురూ తలలు వంచి వెతికారు. అడుగున ఎక్కడో దొరికింది.

సోమవారం పొద్దున మేస్త్రి సీలు బిగిస్తుంటే భార్య గుమ్మంలో నిలబడి చూసింది. చెయ్యి ఎప్పట్లాగే వణుకుతోంది. సీలు మాత్రం గాడిలో చక్కగా కూర్చుంది, మళ్లీ లేవలేదు. కిక్కు కొట్టాడు. బండి లేచింది, యాక్సిలరేటర్ వదిలేసినా నిదానంగా ఆడుతూనే ఉంది. ఆయన ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు. ఏ వణుకు బండిదో, ఏది చేతిదో తెలియలేదు.

అప్పుడే పక్క వీధి మెకానిక్ వచ్చాడు.

"తాళాల కోసం వచ్చానక్కా."

మేస్త్రి వినిపించుకునే స్థితిలో లేడు. బండి ఆపి, ఎన్నాళ్లుగానో చూడని చెయినుకేసి వంగాడు. చేతిలోకి పానా ఎప్పుడొచ్చిందో! తలెత్తకుండానే కేకేశాడు:

"ఒక్క నిమిషం, తమ్ముడూ!"

భార్య కళ్లు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, గుమ్మంలో నిలబడ్డ మనిషితో నవ్వుతూ అంది:

"ఆయన నిమిషం సంగతి నీకు తెలీదా నాయనా? టీ తాగి ఇంటికెళ్లు."