రెండో కంప్యూటరు పేరు

దయ్యాలు, ఆత్మలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నేను పొలాలు కొలిచే మనిషిని. పదో తరగతి దాటలేదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కొలతకు అందనిది నా దృష్టిలో లేనట్టే. అందుకే ఈ సంగతిని ఇన్నాళ్లూ ఎవరికీ రాసి చూపలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది నేనూ నా స్నేహితుడు బాలయ్యా మక్తల్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. బాలయ్య వాళ్లది గొర్లు కాసే ఇల్లు. పాత కంప్యూటరు ఒకటి కొని, అందులో విండోస్ ఎక్స్‌పీ వేశాడు. మూడు నెలలు కూర్చుని చిన్న ప్రోగ్రాం కూడా రాశాడు. పొలం ఎన్ని గొలుసులో కొడితే ఎన్ని గుంటలో చెప్పి, ఆ లెక్కను దాచిపెట్టేది. గొలుసంటే ముప్పై మూడు అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే ఒక గుంట.

వడ్లు కొలిచేటప్పుడు మా వైపు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. బాలయ్య గొర్లనూ గొలుసులనూ అట్లాగే లెక్కపెట్టేవాడు. ఎక్స్‌పీ వేస్తున్నప్పుడు కంప్యూటరుకు పేరు పెట్టమని అడిగితే ఇంగ్లీషు అక్షరాల్లో "లాభం" అని కొట్టాడు.

"మొదటిది గదా, ఇంకేం పెట్టాలె?" అన్నాడు.

ఎక్స్‌పీ తెర మీద పచ్చని గుట్ట, నీలి ఆకాశం ఉండేవి. పొద్దున్నే మిషన్ ఆన్ చేసి ఆ గుట్టను చూస్తూ చాయ్ తాగేవాడు.

"గిసొంటి గడ్డి మన దిక్కు ఏడున్నది? ఒక్కసారి మందను ఇడిస్తే సాలు," అనేవాడు.

కరోనా రెండో ఏడు బాలయ్య పోయాడు. మిషన్ మాత్రం నడిచింది. నిరుడు వేసవిలో దాని బోర్డు కాలిపోయింది. బాలయ్య భార్య లక్ష్మమ్మ వదినె వచ్చి, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు ఒక్కటి అడిగి ఇంటికి తీసుకుపోయింది. నేను కొత్త డెస్క్‌టాప్ కొన్నాను. అందులో బాలయ్య ప్రోగ్రాం తెరుచుకోలేదు.

అదే సమయంలో వదినెకూ, బాలయ్య అన్న సాయిలుకూ పొలం పాళ్ల రిజిస్ట్రేషన్ దగ్గర పడింది. పొలంలో ఒక కొస చౌడు కాబట్టి సగం సగం కాదు, బావి గట్టు నుంచి ఇన్ని గొలుసులు తన పాలు అని బాలయ్య బతికుండగానే కొలిచి హద్దు రాయి పాతాడు. ఆ రోజు నేను బంధువుల పొలం పని మీద చిట్యాలలో ఉన్నాను. రాయి ఉంది కదా అని ఆ లెక్కను ఎవరూ కాగితం మీద పెట్టలేదు. తర్వాత ట్రాక్టరు ఆ రాయిని లేపేసింది.

గొలుసు వెనక కొస పట్టుకుని లెక్క చెప్పిన సాయిలు పదహారు అంటాడు. గొలుసుకొక గులకరాయి పెట్టిన వదినె పదిహేడు అంటుంది. వెడల్పు అయిదు గొలుసులు, అంటే తేడా అయిదు గుంటలు.

"గులకరాళ్ల మీద రిజిస్ట్రేషన్ జేస్తరా?" అని సాయిలు నవ్వాడు.

"నా మొగడు కంప్యూటర్ల ఎక్కిచ్చిండు. అండ్ల ఎంతుంటె గంతే," అంది వదినె. సాయిలు సరేనన్నాడు.

పాత హార్డ్‌డిస్కు బాగానే ఉంది. కొత్త మిషన్‌లో ఎక్స్‌పీ వేస్తే చాలు. ఒక ఖాళీ డిస్కు బిగించి, ఎక్స్‌పీ సీడీ పెట్టి మొదలుపెట్టాను. రెండుసార్లు నీలి తెర వచ్చి ఆగింది. మిషన్ ఆన్ కాగానే వచ్చే అమరికల తెర, బయాస్‌లో డిస్కును పాత పద్ధతికి మార్చాక, మూడోసారి నిబంధనల తెర దాకా వచ్చింది. అక్కడ ఒప్పుకున్నట్టు ఎఫ్8 మీట నొక్కితేనే ముందుకు సాగుతుంది. కొత్త రకం కీబోర్డును ఎక్స్‌పీ గుర్తించలేదు, మౌసునూ గుర్తించలేదు. మిషన్ వెనక పాత గుండ్రటి పిన్ను పట్టే రంధ్రం ఒకటుంది. ఊళ్లో రెండు దుకాణాల్లో అడిగాను, ఆ రకం కీబోర్డు లేదు. వదినె ఇంట్లో ఉందని గుర్తొచ్చింది.

పనిచేయని కీబోర్డు, మౌసు రెండూ పీకేసి గదికి తాళం వేశాను. అప్పుడు పదకొండూ ఇరవై. తాళంచెవి ఒక్కటే, అది నా మొలతాడుకు ఉంది. ఎక్స్‌పీ అడిగే ఇరవై అయిదు అక్షరాల సంఖ్య రాసిన కాగితం నా చొక్కా జేబులో ఉంది.

వదినె కీబోర్డును తువ్వాలలో చుట్టుకుని బండి వెనక కూర్చుంది. తిరిగి వచ్చేసరికి ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. తలుపు తీశాను.

తెర మీద పచ్చని గుట్ట ఉంది.

నేను తువ్వాల వైపు చూశాను. కీబోర్డు ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది.

"అయిపోయినట్టుంది గద తమ్మీ, నన్నెందుకు తోల్కొచ్చినవ్?" అంది వదినె.

పాత డిస్కు బిగించి, ఆ కీబోర్డు పెట్టి మళ్లీ ఆన్ చేశాను. ప్రోగ్రాం తెరుచుకుంది. పొడవు పదిహేడు, వెడల్పు అయిదు, మొత్తం ఎనభై అయిదు గుంటలు. సాయంత్రం సాయిలును పిలిచి, ఆనాడు ఎట్లా లెక్కపెట్టావో చెప్పమన్నాను.

"లాభం, ఒకటి, రెండు..." అని మూడు దగ్గర తనే ఆగాడు.

"బావా, లాభమంటేనే ఒకటి. మళ్ల ఒకటి ఏడికెళ్లి తెచ్చినవ్?" అంది వదినె. సాయిలు తల గోక్కుని, "రాయి పదిహేడు కాడనే పాతుర్రి," అన్నాడు.

వాళ్లు వెళ్లాక మిషన్ వివరాలు తెరిచి చూశాను. కంప్యూటరు పేరు ఉన్నచోట, ఇంగ్లీషు అక్షరాల్లో "రెండు" అని ఉంది.

సీడీలోనే జవాబులు ముందుగా రాసిపెట్టి ఉంటాయేమో అనుకున్నాను. అదే మిషన్, అదే సీడీ, ఇంకో ఖాళీ డిస్కు పెట్టి, కీబోర్డు లేకుండా మూడు రోజులు పరీక్షించాను. పొద్దున పదింటికి వదిలేసి సాయంత్రం అయిదింటికి చూసేవాణ్ని. మూడుసార్లూ ఎఫ్8 దగ్గరే ఆగి ఉంది. కాగితం మీద ఎన్ని రకాలుగా లెక్క వేసినా, ఆ రోజు ఎవరో ఒకరు కనీసం ముప్పై మీటలు నొక్కనిదే ఆ పచ్చని గుట్ట రాదు.

దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఇది ఎట్లా జరిగిందో మాత్రం చెప్పలేను. ఈ మిషన్ కూడా ఏదో ఒకనాడు పోతుంది. ఆ రోజు కొత్తది తెచ్చి, సీడీ పెట్టి, కీబోర్డు పీకి, తాళం వేసి ఒక గంటన్నర బయట తిరిగి వస్తాను. పేరు మాత్రం నేను పెట్టను.